రాజశబ్దవ్యుత్పత్తి - ప్రకృతిరంజనము

రఘువంశ మహాకావ్యమున నాలుగవ సర్గమునందు రఘువు పట్టాభిషిక్తుఁడైన పిమ్మటఁ గాళిదాసు మూఁడు పేళ్లకు వరుసగా వ్యుత్పత్తులు చెప్పినాఁడు. ఆహ్లాదము గలిగించుటచేఁ జంద్రుఁడు, తపింపఁజేయుటచేఁ దపనుఁడు. అట్లే ప్రకృతులను రంజింపఁజేయుటచే రఘువు సార్థకనాముఁడగు రాజయ్యెనని యా శ్లోకమునకుఁ దాత్పర్యము. పాఠశాలలలో నీ శ్లోకము చెప్పని పండితుఁడు లేఁడు. అయినను వ్యాకరణము చదివినవాని కిచ్చట నడుగు తడఁబడును. మొదటి రెండును శాస్త్రసమ్మతములు. చది ధాతువున కాహ్లాద మర్థము. చంద్రశబ్దము దానినుండి వచ్చినది. తప ధాతువునుండి తపనశబ్దము వచ్చుట బాలురకును దెలియును. మూఁడవది మాత్రము శాస్త్రమున కందదు. దీప్త్యర్థకమగు రాజృ ధాతువుపైఁ గనిన్ ప్రత్యయము రాఁగా రాజన్ శబ్ద మేర్పడునని యుణాదులు చెప్పుచున్నవి. రంజధాతువునకు నీ శబ్దమునకు సంబంధము లేదు.

కోలాచల మల్లినాథసూరి యీ చిక్కును జూడకపోలేదు. రాజశబ్దము దీప్త్యర్థకధాతువునుండి కనిన్ ప్రత్యయాంతముగా వచ్చినదే కాని రంజధాతువునుండి వచ్చినది కాదని యొప్పుకొని, ధాతువు లనేకార్థములు గలవి గావునఁ గవి యట్లు చెప్పెనని సమాధానపఱచినాఁడు. కవిని రక్షించుట వ్యాఖ్యాత ధర్మము. ఆ ధర్మమును సూరి చక్కఁగా నెఱవేర్చినాఁడు. కాని యొక ప్రశ్న మిగిలియున్నది. రెండు నిర్దుష్టములగు వ్యుత్పత్తుల ప్రక్కన నొక సందిగ్ధవ్యుత్పత్తిని గవి యేల నిలిపెను? కాళిదాసునకు నుణాదులు తెలియవని చెప్పఁబూనువారు లేరు గదా. మన పాఠశాలలలో మల్లినాథుని వాక్యమును జదివించి, పరీక్షలో నడిగెడు ప్రశ్నగా దానిని దిద్దుకొని, అంతటితో ముందునకుఁ బోవుట వాడుకయైనది. ఇచ్చట శబ్దసాధుత్వముకంటెఁ బెద్ద విషయ మొకటి యిమిడియున్నదని నా తలంపు. ఒకఁడు రాజగుట దేనివలన? బలమువలననా, పుట్టుకవలననా, అభిషేకమువలననా, లేక యేలఁబడువారి మనస్సువలననా? ఈ వివాదమునే కవి ధాతువుల రూపమునఁ జూపినాఁడు.

రంజనవ్యుత్పత్తి కాళిదాసుని స్వకపోలకల్పితము గాదు. మహాభారత శాంతిపర్వమునఁ బృథుచక్రవర్తి కథ చెప్పునపుడు, ప్రజలెల్ల నాతనివలన రంజితులైరి గావున నాతనికి రాజశబ్దము గలిగెనని వ్యాసులవారు చెప్పిరి. పాళీభాషలో దీఘనికాయమునందలి అగ్గఞ్ఞసూత్రమునను నిట్టి వ్యుత్పత్తియే యున్నది. అందు మొదటి రాజు జనులెల్లరు గూడి యెన్నుకొన్నవాఁడు. తాము పండించిన వరిలో భాగ మిత్తుమని చెప్పి, తప్పుచేసినవారిని శిక్షించు పని వాని కప్పగించిరి. మహాజనులు సమ్మతించినవాఁడు గావున మహాసమ్మతుఁడు, ధర్మముచే నితరులను రంజింపఁజేయువాఁడు గావున రాజు అని యా గ్రంథము చెప్పుచున్నది. వైదికులు బౌద్ధులు నెన్నో విషయములఁ గలహించిరి. ఈ యొక్క తప్పు వ్యుత్పత్తివిషయమున మాత్ర మిరువురు నొక్కటియైరి. మఱొకప్రక్క యాస్కుఁడు నిరుక్తమున రాజశబ్దమును రాజతిధాతువునుండియే సాధించినాఁడు. కావున రెండు వ్యుత్పత్తులును బ్రాచీనములే. ఒకటి శాబ్దికులది, రెండవది ధర్మజ్ఞులది.

వీని భేద మెట్టిదో వ్యాకరణదృష్టితోఁ జూతము. రాజతి యకర్మకక్రియ. సూర్యుఁడు ప్రకాశించును, చూచువాఁడు లేకున్నను బ్రకాశించును. ప్రకాశించుటకు రెండవవానితోఁ బనిలేదు. రంజయతి యట్లు గాదు. అది కర్మ నపేక్షించును. ఎవరిని రంజింపఁజేసెనని యడుగక తప్పదు. ఇంకను లోఁతునకుఁ బోయినచో నది ణిజంతము, అనఁగాఁ బ్రేరణక్రియ. మూలమునఁ బ్రజలు రంజిల్లుచున్నారు. రంజిల్లుట యను వ్యాపారమునకుఁ గర్తలు ప్రజలే. రాజు ప్రయోజకుఁడు మాత్రము. పాణినిమతమునఁ గర్త యనఁగా స్వతంత్రుఁడు. ప్రయోజకుఁడు ప్రేరేపింపవచ్చును గాని, ప్రయోజ్యుని వ్యాపారమును దాను చేయఁజాలఁడు. వంటవానిచే నన్నము వండించువాఁడు తాను వండినవాఁడు గాఁడు. అట్లే రాజు వేయి యుత్సవములు చేయింపవచ్చును, లక్ష స్తోత్రములు వ్రాయింపవచ్చును. ప్రజలకుఁ దనయం దనురాగము గలుగుట యను పని మాత్రము ప్రజలు చేయవలసినదే. ఆ స్వాతంత్ర్యమును దండముచేఁ దీసికొనఁ జూచిన క్షణమున నా క్రియయే నశించును.

రాజనీతిశాస్త్రమునఁ బ్రజల మనస్సును దెలుపు పారిభాషికపదములన్నియు నీ రంజధాతువునుండియే పుట్టినవి. అనురాగము, అపరాగము, అనురక్తప్రకృతి, విరక్తప్రకృతి - ఇవి కౌటిల్యుని నిత్యవ్యవహారపదములు. మనము నేఁడు విరక్తుఁడనఁగా సన్న్యాసిని దలంచుకొనుచున్నాము. కౌటిల్యునకు విరక్తులు రాజునందుఁ బ్రీతి చెడిన ప్రజలు. దారిద్ర్యమువలనఁ బ్రజలు లుబ్ధులగుదురు, లోభమువలన విరక్తులగుదురు, విరక్తులై శత్రువును జేరుదురు లేదా తమ ప్రభువును దామే చంపుదురు అని యాతఁడు మెట్టుమెట్టుగాఁ జూపినాఁడు. అర్థశాస్త్రము క్రూరనీతిగ్రంథమని నిందించువారు కలరు. నాకుఁ దోఁచునదేమనఁగా, ప్రజల విరక్తికిఁ గారణములను వానివలెఁ జల్లని మనస్సుతో లెక్కించినవాఁ డరుదు. వాఁడు ప్రజలను బ్రేమించి చెప్పలేదు, భయపడి చెప్పినాఁడు. శాస్త్రమున కది దోషము గాదు.

ఇచ్చట నొక యాక్షేపము రావచ్చును. రంజింపఁజేయుట యనఁగా జనులు మెచ్చునట్లు నడచుకొనుట. నటుఁడును విటుఁడును జేయుపని యది. దానిని రాజధర్మముగాఁ జెప్పుట యుచితమా యని. ఆక్షేపము బలవత్తరమైనదే. రంజధాతువునకు మూలార్థము రంగు వేయుట. రంగు పైపూఁత కావచ్చును. పైగా నీ ధాతువునకే యొక విచిత్రప్రయోగ మున్నది. మృగములవిషయమున ణిజంతమునందు నకారము లోపించి రజయతి యగునని వార్త్తికము. అపుడు వేఁటాడుట యని యర్థము. ఒక్క యనునాసికము జాఱెనేని రంజనము వేఁటయగును! ప్రజలను మృగములుగాఁ దలంచిన ప్రభువు రంజనమునుండి రజనమునకు జాఱుట కెంతో దూరము లేదు.

అయితే రంగులన్నియు నొక్కతీరువి గావని యాలంకారికులు మనకు నేర్పిరి. సాహిత్యదర్పణమున విశ్వనాథుఁడు పూర్వరాగమును మూఁడు విధములుగా విభజించినాఁడు. మిక్కిలి మెఱయకున్నను మనస్సును విడువనిది నీలీరాగము. మెఱసియు వెంటనే పోవునది కుసుంభరాగము. మెఱయునది, పోనిది మంజిష్ఠారాగము. ఇవి నాయికానాయకులనుగూర్చి చెప్పినవైనను, ప్రజాప్రభువులకు నన్వయించుకొనుటకు నభ్యంతర మేమియుఁ గానరాదు. చాకలివాని రేవున బట్టలకు నన్వయించినవే గదా. కుసుంభపురంగు పండుగనాఁటి చీరకుఁ జాలును. ఏలుబడి పండుగనాఁటిది గాదు.

కాళిదాసు రంజనమును జెప్పినాఁడే కాని దానిని గుడ్డిగాఁ బొగడలేదు. కావ్యమంతయు నీ శబ్దార్థమునకుఁ బరీక్షవలె నున్నది. దిలీపుఁడు ప్రజలవద్దఁ బన్ను గొనుట వారి మేలుకొఱకే. సూర్యుఁడు వేయిమడుఁగులుగా నీయఁగోరి నీటిని గ్రహించునట్లని యుపమానము. ఇచ్చట సూర్యునకు దీప్తి ప్రధానము గాదు, వాన ప్రధానము. రఘువు దిగ్విజయము తరువాతిది, రంజనము ముందటిది. సర్గములోని యీ క్రమమును మన వ్యాఖ్యానములు చాలినంత గుర్తింపలేదు. ఇంటఁ బ్రకృతు లనురక్తులైన పిదపనే యాతఁడు దిక్కులఁ గదలెను.

పదునాలుగవ సర్గమునఁ గవి కఠినమైన పరీక్ష పెట్టినాఁడు. లోకాపవాదమునకుఁ జంకి రాముఁడు సీతను విడిచెను. ఇది రంజనమునకుఁ బరాకాష్ఠయా, లేక దాని వికారమా? భవభూతి యుత్తరరామచరిత ప్రథమాంకమున, లోకారాధనమునకై జానకినైనను విడుచుటకు వెనుదీయనని రామునిచేఁ బలికించి, తక్కిన నాటకమంతయు నా మాటకుఁ బ్రాయశ్చిత్తముగా నడపినాఁడు. కాళిదా సంతకంటెఁ దక్కువ మాటలతో నెక్కువ పని చేసినాఁడు. అడవిలో సీతను జూచిన వాల్మీకి, లోకకంటకుని జంపినవాఁడైనను సత్యసంధుఁడైనను నిష్కారణముగా నీయెడ నట్లు చేసిన రామునిపైఁ దనకుఁ గోపమే కలదని చెప్పును. ఆదికవిచేతనే యామాట పలికించుట సామాన్యము గాదు. ప్రకృతు లనఁగా బిగ్గఱగాఁ బలికెడు నాలుకలు మాత్రమే గావు. అపవాదమునకు గుఱియైన యొక్కతెయుఁ బ్రకృతియే. ఆమెను విడిచి తక్కినవారిని మెప్పించుట రంజనమా యను ప్రశ్నను గవి మునినోట నుంచి, తానుత్తరము చెప్పక విడిచినాఁడు.

కావ్యాంతమున నగ్నివర్ణుఁ డున్నాఁడు. పందొమ్మిదవ సర్గమును బాలురకుఁ జెప్పుటకు మనవారు సంకోచింతురు, శృంగారము మిక్కుటమని. ఆ సంకోచమువలన రాజనీతిలోఁ జెప్పవలసిన ముఖ్యభాగము మఱుఁగునఁ బడినది. ఆ రాజు మంత్రులపై భారముంచి యంతఃపురమున మునిఁగియుండెను. ప్రజలు దర్శనము గోరిరి. మంత్రుల మాటఁ ద్రోయలేక యాతఁ డొకపరి దర్శన మనుగ్రహించెను. ఎట్లనఁగా, కిటికీ సందునుండి కాలు మాత్రము వ్రేలాడఁదీసెను. జను లా పాదమునకే మ్రొక్కిరి. నా యెఱిఁగినంతవఱకు రాజదీప్తి నింత నిర్దయగాఁ జూపిన చిత్రము సంస్కృతవాఙ్మయమున మఱియొకటి లేదు. వంశము రఘువంశమే, అభిషేకము యథావిధిగా నైనదే, శత్రువులును బ్రభావమునకు వెఱచి యాక్రమింప రైరి. అన్నియు నుండియు రాజు లేఁడు, పాద మున్నది. క్షయరోగము ముదిరినపుడు మంత్రులు, రాజు పుత్రజన్మమునకై కర్మ చేయుచున్నాఁడని జనులకుఁ జెప్పిరి. చనిపోయినపుడు రోగశాంతి నెపమున గృహోద్యానముననే రహస్యముగా దహనము చేసిరి. ఇంత కపట మేల? ప్రజల యంగీకార మక్కఱలేనిచో దాఁపఱికముతోఁ బనియే లేదు. దాఁచుట యే యా యంగీకారమునకు వారిచ్చిన విలువకు సాక్ష్యము.

తరువాత మంత్రులు పౌరముఖ్యులను గూర్చి, గర్భచిహ్నములు గల రాణికి రాజ్యలక్ష్మి నప్పగించిరి. ప్రకృతిరంజనముతో మొదలైన రాజశబ్దము ప్రకృతిముఖ్యుల సమ్మతితో మగువచేతికి వచ్చి ముగిసినది. ఇది యాకస్మికమని నేను దలంపను.

ఇచ్చటినుండి మన తెలుఁగు దేశమునకు వత్తము. రఘువంశమునకు వ్యాఖ్య వ్రాసిన మల్లినాథసూరి కుమారుఁడు కుమారస్వామి, విద్యానాథుని ప్రతాపరుద్రీయమునకు రత్నాపణమను వ్యాఖ్య వ్రాసినాఁడు. తండ్రికిఁ దగిన గ్రంథము రంజనమును జెప్పినది. కుమారునికి దొరకిన గ్రంథము దీప్తిని జెప్పినది. విద్యానాథుఁ డలంకారశాస్త్రమున కుదాహరణములన్నియుఁ గాకతీయ ప్రతాపరుద్రునిపై రచించెను. నాటకలక్షణమున కుదాహరణముగాఁ బ్రతాపరుద్రకల్యాణ మను పంచాంకనాటకమునే కూర్చెను. అందలి ముఖ్యవిషయము రాజ్యసంక్రమణము. గణపతిదేవునికిఁ గుమారులు లేరు. కుమార్తె రుద్రాంబ రాజ్యమేలినది. ఆమె తరువాత దౌహిత్రుఁడగు ప్రతాపరుద్రుఁడు రావలెను. వారసత్వ మిట్లు రెండుమాఱులు తిన్నని త్రోవను దప్పి నడచినది. దీనిని సరిదిద్దుటకుఁ గవి స్వయంభూదేవుని స్వప్నమును దెచ్చినాఁడు. దేవుఁడే దౌహిత్రుని బుత్రునిగాఁ గైకొని రాజ్యమిమ్మని యానతిచ్చినట్లు కథ. పిదప దిగ్విజయము, ఆపైఁ బట్టాభిషేకము.

రఘువంశమునందలి క్రమ మిచ్చటఁ దలక్రిందైనదని చదువరులు గమనింతురు గాక. అచ్చట రంజనము, పిదప విజయము. ఇచ్చట దైవాజ్ఞ, విజయము, అటుపై నభిషేకము. నాటకకార్యమును నడపునది దేవుఁడును సేనయు. శిల్పదృష్టిచే నది లోపమని నేను జెప్పుదును. దేవుఁ డానతిచ్చిన వెనుక సంశయమునకుఁ దావులేదు. సంశయము లేనిచో గర్భవిమర్శసంధులు పేరునకే మిగులును. విద్యానాథుఁడు సంధ్యంగములను లక్షణానుసారముగా నమర్చినాఁడు, తప్పుపట్టుటకు వీలులేదు. అయినను బ్రాణము లేదు. ఎవరును శంకింపని దానికి స్వప్నముతోఁ బనిలేదు. స్వప్నము వచ్చినదనఁగానే యోరుగంట నెవరో శంకించుచుండిరని యూహింపవచ్చును. కవి యా శంకను రంగముపైకిఁ దెచ్చి, దాని కుత్తరమును బ్రజలచేఁ జెప్పించియుండినచో నాటకము వేఱుగా నుండెడిది.

రుద్రమదేవివిషయమున శాసనములు చేసినపని యింతకంటె సూక్ష్మమైనది. ఆమె రుద్రదేవమహారాజను పురుషనామముతోఁ బెక్కు శాసనములఁ గానవచ్చుచున్నది. సంస్కృతమునఁ బుంలింగ మొకవేషము. వేష మని యందఱకుఁ దెలియును. తెలుఁగున నట్టి కష్టము లేదు. మన భాషలో నేకవచనమున మహద్వాచక మొకటి, స్త్రీవాచక మొకటి. వాఁడు వేఱు, ఆమె వేఱు. గౌరవార్థమున బహువచనము చేసితిమా, రెండును నొక్కటే యగును: వారు, మహారాజులవారు, ఏలుచున్నారు. ఏలునది మగవాఁడో మగువయో క్రియాపదము చెప్పదు. సంస్కృతపండితులు దీక్షతో సాధింపవలసిన దానిని దెలుఁగుమర్యాద యప్రయత్నముగా సాధించినది. మన వ్యాకరణములలో నీ బహువచనమునకు గౌరవమొక్కటే ఫలమని చెప్పుదురు. ఫల మింకొకటియు నున్నది.

ఐనను బేరువలన వచ్చిన యర్హత యెంతకాలము నిలుచును? ఆమె 1289 వఱకు నేలినట్లు చందుపట్ల శాసనమువలనఁ దెలియుచున్నది. మార్కోపోలో యను వెనీసుదేశీయుఁడు మోటుపల్లిప్రాంతమును వర్ణించుచు, అచ్చటి రాణి ధర్మముతో శాంతితో నేలినదనియు, ప్రజలామెను బ్రేమించిరనియు వ్రాసెను. ఆమె భర్తృరాజ్యమును బొందినదని యాతఁడు పొరపడినాఁడు, పితృరాజ్యమని తెలియదు. స్వయంభూదేవుని స్వప్నమును నాతఁ డెఱుఁగఁడు. వంశవివరము తప్పినవాఁడును బ్రజల మనస్సును దప్పక చెప్పెను. అగ్రహార మాశించి వ్రాసినవాఁడు గాఁడు గనుక నీ సాక్ష్యమునకు నేను విద్యానాథుని నాటకముకంటె నెక్కువ తూఁకము వేయుదును.

మోటుపల్లిపేరు వచ్చినది గనుక నచ్చటి గణపతిదేవుని యభయశాసనమును విడువరాదు. 1244 ప్రాంతమున వేయించిన స్తంభశాసన మది. మొదట సూర్యుఁడు, మనువు, ఇక్ష్వాకువు, రఘువు అని వంశము నాకసమున కెక్కించి, పిదపఁ గాకతీయులకు దిగినది. మఱికొన్ని శాసనములు కాకతీయసంబంధుల కులమును జతుర్థకులమని నిస్సంకోచముగాఁ జెప్పుచుండఁగా నిచ్చట సూర్యవంశ మేలకో! ఇది దీప్తిభాగము, చదివి దాఁటవచ్చును. దాని తరువాతి భాగము వేఱు. పూర్వపురాజులు సముద్రమున గాలివానచేఁ బగిలి యొడ్డునకుఁ గొట్టుకొనివచ్చిన యోడలలోని బంగారము, ఏనుఁగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలగు సరకులన్నిటిని బలిమిఁ గొనుచుండిరనియు, తాము మాత్రము ప్రాణముకంటె ధనమును మిన్నగా నెంచి సముద్రయానసాహసము చేసినవారియెడ దయచేతను, కీర్తికిని ధర్మమునకుఁ గాను, కౢప్తశుల్కము దక్క తక్కినదంతయు విడుచుచున్నామనియు నందుఁ గలదు. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట నొకపాలు. ఆపై సరకులవారీగా సుంకముల పట్టిక.

కౢప్తశుల్క మను మాటను విద్యార్థులచేఁ జక్కఁగా విప్పింపవలెను. కృపూ ధాతువునకు సామర్థ్యము, ఏర్పాటు అని యర్థము; కౢప్త మనఁగా ముందే యేర్పఱచినది. రాజు తన చేతికిఁ దానే కట్టు వేసికొన్నాఁ డన్నమాట. నిన్నటిదాఁక బలముచేఁ గొన్నదియు రాజే, నేఁడు లెక్కచేఁ గొనుచున్నదియు రాజే. ఓడవాఁడు దేశాంతరస్థుఁడు, వానికిఁ గాకతీయుల సూర్యవంశముతోఁ బనిలేదు. వానికిఁ గావలసినది ముప్పదింట నొకపాలు రేపును ముప్పదింట నొకపాలుగానే యుండుట. రాజకీర్తి నాసించియే చేసితినని శాసనము దాఁపక చెప్పుచున్నది. అందులకు నాకు సంతోషమే. నీలీరాగ మిట్టిది. మెఱపులేదు, స్తంభముపైఁ జెక్కిన సుంకపుఁబట్టిక మాత్ర మున్నది.

1323లో నోరుగల్లు పడినది. ప్రతాపరుద్రుఁడు బందీయై పోవుచు నర్మదాతీరమున మరణించెనని ముసునూరి ప్రోలయనాయకుని విలసశాసనము చెప్పుచున్నది. ప్రోలయకు గాని, యాతని వెనుక వచ్చిన కాపయకు గాని, రెడ్లకు గాని యోరుగంటి సింహాసనమున వారసత్వ మేమియు లేదు. మఱి వీరేమి చూపి యేలిరి? విలసశాసనమునఁ గానవచ్చు ముఖ్యవిషయము, పోయిన యగ్రహారములను దిరిగి యిచ్చుట. పూర్వప్రభువు మాటను దాను నిలుపుట యని దీనికి సారము. కొండవీటి ప్రోలయవేమారెడ్డి శ్రీశైలాహోబలములకు సోపానములు గట్టించెను, ఎఱ్ఱనచే హరివంశము నంకితముగొనెను. అతని కుమారుఁ డనవోతారెడ్డి 1358లో మోటుపల్లిలోనే, గణపతిదేవుని శాసనమున్న చోటనే, వర్తకులకు మరల నభయమిచ్చి సుంకములను నియమించెను. నూటపదునాలుగేండ్లు గడచినవి; వంశము మాఱినది, నడుమ రాజ్యమే కూలినది. స్తంభమున్నది. క్రొత్తప్రభువు తన పూర్వులెవ్వరో చెప్పుటకు ముందు, ఎవరి మాటను దాను నిలుపుచున్నాఁడో చూపవలసివచ్చెను. కావ్యాంకితముకంటె నీ పునరభయమే రెడ్లరాజ్యమున కెక్కువ బలమిచ్చినదని నా నిర్ణయము. శ్రీనాథుని కవిత్వమందు మక్కువ గల మిత్రులు కోపింతురేమో. కవిత్వమును దక్కువసేయుట నా యుద్దేశము గాదు. మోటుపల్లి యోడవాఁ డా కవిత్వమును జదువలేదు గదా.

వ్యాకరణమున నధికారసూత్రములని కొన్ని గలవు. ప్రత్యయః అను సూత్రము తృతీయాధ్యాయాదిని నిలిచి పంచమాధ్యాయాంతమువఱకుఁ బ్రవర్తించును. అధికారసూత్రమునకుఁ దన స్థానమున వాక్యార్థము లేదు; తరువాతి సూత్రములలోఁ జేరినపుడే దానికి సార్థక్యము. అన్యత్ర యుపకరింపనిచో నది వట్టి యక్షరములు. ప్రత్యయశబ్దమునకు విశ్వాసమని యర్థాంతరము గలదని యిచ్చటఁ బ్రసంగవశమునఁ జెప్పి విడుచుచున్నాను. లోకమున నధికారులు తమ గద్దెయందే యర్థమున్న దని తలంచుట పాణినీయము చదువని లోపము.

మన దేశ్యపదములు నీ విషయమునఁ దక్కువవి గావు. గతశతాబ్దిపూర్వపు గ్రంథములలో నింగ్లీషువారి ప్రభుత్వమును దొరతనమువారని వ్రాయుచుండిరి. దొరతనము దొరయొక్క భావము. దొర పోయినఁ బోవును. ప్రభుత్వమును నట్టిదే, ప్రభుశబ్దముపై భావార్థమునఁ ద్వప్రత్యయము వచ్చినది. ఏలుబడి యట్లుగాదు. ఏలు ధాతువునకుఁ బాలించుట యర్థమైనను, ఏలుకొనుట యనఁగాఁ దనవారిగాఁ గైకొని పోషించుట. నన్నేలుకొమ్మని భక్తుఁడు దేవుని వేఁడును. ఆలి నేలుకొననివానిని బెద్దలు నిలఁదీయుదురు. ఏలుకొననివాఁ డేలిక గాఁడను భావము పలుకులోనే యున్నది. రంజనవ్యుత్పత్తికై సంస్కృతకవులు శాస్త్రము నతిక్రమింపవలసివచ్చెను. తెలుఁగునకు నా యతిక్రమణముతోఁ బనిలేకపోయినది.

రాజ్యాంగశబ్దమును జూచి ముగింతును. పూర్వ మది బహువచనముననే యొప్పెడిది. స్వామి, అమాత్యుఁడు, జనపదము, దుర్గము, కోశము, దండము, మిత్రము - ఇవి యేడు రాజ్యాంగములు. వీనికే ప్రకృతులని నామాంతరము. కాళిదాసు ప్రకృతిశబ్దమున నీ రెండర్థములును గలసియున్నవి. ఇప్పు డా పద మేకవచనమై, 1949 నవంబరు 26వ తేదీని రాజ్యాంగసభ యంగీకరింపఁగా 1950 జనవరి 26 నుండి యమలునకు వచ్చిన మహాశాసనమునకుఁ బేరైనది. రాజు లేని దేశమున రాజ్యశబ్ద మెట్లు సాధువని యొక విద్యార్థి యడిగినాఁడు. ప్రశ్న యుక్తము. రాజన్ శబ్దముపై వచ్చు యక్ ప్రత్యయమునకు భావము, కర్మ అని రెండర్థములు గలవు. రాజుయొక్క స్థితియు రాజ్యమే, రాజుయొక్క పనియు రాజ్యమే. స్థితి తొలఁగినను బని తొలఁగలేదు. ఆ పని చేయువారెవరను దానికి, సప్తాంగములలోఁ బ్రథమాంగమగు స్వామిని విడిచి, ఆ శాసనము తన పీఠికావాక్యమునఁ బ్రజలనే యుత్తమపురుషబహువచనమునఁ గర్తగాఁ జెప్పినది.